కాపాబ్లాంకాను ఓడించిన మీర్ సుల్తాన్ ఖాన్: హేస్టింగ్స్ ఆట, దాని ఓపెనింగ్

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో హేస్టింగ్స్ అనే చిన్న ఊరుంది. ఏటా క్రిస్మస్ తర్వాత అక్కడ చెస్ టోర్నమెంట్ జరిగేది. 1930 డిసెంబర్ చివర మొదలై 1931 జనవరి మొదటి వారం దాకా సాగిన పోటీలో పంజాబ్ నుంచి వచ్చిన ఒక ముస్లిం యువకుడు క్యూబాకు చెందిన హోసే రౌల్ కాపాబ్లాంకాను 65 ఎత్తుల్లో ఓడించారు. ఆ యువకుడి పేరు మీర్ సుల్తాన్ ఖాన్.

కాపాబ్లాంకా అంటే మామూలు మనిషి కాదు. 1921 నుంచి 1927 దాకా ప్రపంచ ఛాంపియన్. 1916 నుంచి 1924 వరకు ఎనిమిదేళ్లపాటు పోటీల్లో ఒక్క ఆట కూడా ఓడలేదు. జీవితం మొత్తంలో ఆయన ఓడిన పెద్ద ఆటలు యాభైకి లోపే. ఆ కొద్ది ఓటముల్లో హేస్టింగ్స్ ఆట ఒకటి. దాన్ని ఇప్పటికీ పుస్తకాల్లో వేస్తున్నారు.

సుల్తాన్ ఖాన్ గురించి ఎవరు రాసినా ఒక మాట మాత్రం తప్పకుండా రాస్తారు: ఆయనకు ఓపెనింగ్‌లు తెలియవు, చెస్ పుస్తకాలు చదవలేదు, మధ్య ఆటలోనూ చివరి ఆటలోనూ పుట్టుకతో వచ్చిన తెలివితో నెట్టుకొచ్చారు అని. ఈ మాట ఎంతవరకు నిజమో చూడాలంటే కాపాబ్లాంకాతో ఆడిన ఆటనే మొదటి ఎత్తు నుంచి బోర్డు మీద పేర్చి చూడటం మంచిది.

దేశీ షత్రంజ్ నుంచి

సుల్తాన్ ఖాన్ గత శతాబ్దం మొదటి దశాబ్దంలో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఖుషాబ్ ప్రాంతంలోని మిఠా టివానాలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి దగ్గర షత్రంజ్ నేర్చుకున్నారు. అది దేశీ పద్ధతి. మన ఇళ్లలో పాతతరం పెద్దలు ఆడిన ఆట లాంటిదే. దేశీ ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. క్యాస్లింగ్ ఉండదు. దాని బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. బంటు అవతలి గట్టుకు చేరితే అక్కడ ఆ వరసకు చెందిన పావుగానే మారుతుంది. ప్రాంతాన్ని బట్టి నియమాల్లో తేడాలున్నా ఆట నడక మాత్రం ఒకటే: నెమ్మది. బలగాలు ఎదురుపడటానికి చాలా ఎత్తులు పడుతుంది. ఓపిక లేనివాడికి అందులో చోటు లేదు.

ఆ ప్రాంతపు పెద్ద జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ టివానా ఈ కుర్రాడి ఆట చూసి చేరదీశారు. అక్కడే సుల్తాన్ ఖాన్ పాశ్చాత్య నియమాలు నేర్చుకున్నారు. 1928లో అఖిల భారత పోటీలో ఎనిమిది ఆటలు గెలిచి, ఒకటి డ్రా చేసి, ఒక్కటి కూడా ఓడకుండా ఛాంపియన్ అయ్యారు. మరుసటి ఏడాది సర్ ఉమర్ ఆయన్ను లండన్ తీసుకెళ్లారు.

లండన్‌లో మొదటి పోటీలో బాగా ఆడలేకపోయారు. విలియం వింటర్, ఫ్రెడ్ యేట్స్ అనే ఇద్దరు ఇంగ్లిష్ ఆటగాళ్లు ఆయనతో కూర్చుని సాధన చేయించారు. అదే వేసవిలో రామ్స్‌గేట్‌లో జరిగిన బ్రిటిష్ ఛాంపియన్‌షిప్‌ను సుల్తాన్ ఖాన్ గెలిచేశారు. యూరప్ చెస్‌లోకి వచ్చిన కొన్ని నెలలకే ఇది జరిగింది. 1932, 1933లలో కూడా ఆ టైటిల్ ఆయనదే.

‘ఇండియన్’ అనే పేరు ఎలా వచ్చింది

హేస్టింగ్స్ ఆటలో నల్లపావులతో ఆడిన కాపాబ్లాంకా ఎంచుకున్న రక్షణ పేరు క్వీన్స్ ఇండియన్ డిఫెన్స్. ఒక భారతీయుడిని ఎదుర్కోవడానికి ‘ఇండియన్’ రక్షణ తీసుకోవడం చూస్తే నవ్వొస్తుంది గానీ, ఆ పేరుకు సుల్తాన్ ఖాన్‌తో సంబంధం లేదు. 19వ శతాబ్దం మధ్యలో కలకత్తాలో జాన్ కోక్రేన్ అనే స్కాటిష్ బారిస్టర్ ఉండేవారు. ఆయనతో తరచూ ఆడిన బెంగాలీ మహేశ్‌చంద్ర బెనర్జీ ముందుగా బంట్లతో మధ్య భాగాన్ని ఆక్రమించకుండా, గుర్రాన్ని బయటికి తీసి, శకటును పక్క నుంచి పెట్టి ఆడేవారు. ఒక్కో గడి జరిగే బంట్లతో పెరిగిన మనిషికి అది సహజమైన ఆట. ఆ ఆటలు యూరప్ పత్రికల్లో అచ్చయ్యాయి, ‘ఇండియన్’ అన్న మాట ఓపెనింగ్‌ల పేర్లలో స్థిరపడింది. 1920లలో నిమ్జోవిచ్ లాంటి కొత్తతరం ఆటగాళ్లు అదే ఆలోచనను తీసుకుని సిద్ధాంతంగా మార్చారు. క్వీన్స్ ఇండియన్ ఆ దశలో వ్యాప్తిలోకి వచ్చింది.

ఓపెనింగ్‌లకు పేర్లు పెట్టడం యూరప్‌లోనే పుట్టిందని చాలామంది అనుకుంటారు. కాదు. అబ్బాసీల కాలంలో బగ్దాద్‌లో అల్-అద్లీ, ఆ తర్వాత అస్-సూలీ షత్రంజ్ మీద గ్రంథాలు రాశారు. ఆట మొదట్లో బలగాలను మోహరించే పద్ధతిని అరబీలో తాబియా అన్నారు, ఒక్కో తాబియాకు ఒక్కో పేరు పెట్టారు. ఈ రోజు మాస్కోలో కూర్చున్న గ్రాండ్‌మాస్టర్ కూడా ఓపెనింగ్‌లో అందరూ చేరుకునే తెలిసిన స్థితిని తాబియా అనే అంటారు. ‘చెక్‌మేట్’ కూడా షాహ్ మాత్ నుంచి వచ్చిందే.

ఇక క్వీన్స్ ఇండియన్ సంగతి. ఇందులో నలుపు ఆటగాడి ఆలోచన అంతా ఇ4 గడి మీద ఉంటుంది. తెలుపు అక్కడికి బంటును తోసేస్తే మధ్య భాగం మొత్తం తెలుపు చేతికి పోతుంది. అందుకే నలుపు ఎఫ్6లో గుర్రం, బి7లో శకటు పెట్టి దూరం నుంచి ఆ గడికి కాపలా కాస్తుంది. తెలుపు గుర్రం సి3కి వస్తే నలుపు రెండో శకటు బి4కి వచ్చి దాన్ని కట్టిపడేస్తుంది. ఈ రెండు శకటుల మీదే రక్షణ అంతా నిలబడి ఉంటుంది.

ఆట

ఇంట్లో బోర్డు ఉంటే ఈ ఎత్తులు పేర్చి చూడవచ్చు. రా అంటే రాజు, మ అంటే మంత్రి (మన ఇళ్లలో వజీర్), ఏ అంటే ఏనుగు, శ అంటే శకటు (ఊంట్ అనేవారూ ఉన్నారు), గు అంటే గుర్రం. అక్షరం లేకపోతే బంటు. × అంటే కొట్టడం, + అంటే షా, 0-0 అంటే రాజు వైపు క్యాస్లింగ్. తెలుపు సుల్తాన్ ఖాన్, నలుపు కాపాబ్లాంకా.

1. గు-ఎఫ్3 గు-ఎఫ్6 2. డి4 బి6 3. సి4 శ-బి7 4. గు-సి3 ఇ6 5. ఎ3 డి5 6. సి×డి5 ఇ×డి5 7. శ-జి5 శ-ఇ7 8. ఇ3 0-0 9. శ-డి3 గు-ఇ4 10. శ-ఎఫ్4 గు-డి7 11. మ-సి2 ఎఫ్5 12. గు-బి5 శ-డి6 13. గు×డి6 సి×డి6 14. హెచ్4 ఏ-సి8 15. మ-బి3 మ-ఇ7 16. గు-డి2 గు(డి7)-ఎఫ్6 17. గు×ఇ4 ఎఫ్×ఇ4 18. శ-ఇ2 ఏ-సి6 19. జి4 ఏ(ఎఫ్8)-సి8 20. జి5 గు-ఇ8 21. శ-జి4 ఏ-సి1+ 22. రా-డి2 ఏ(సి8)-సి2+ 23. మ×సి2 ఏ×సి2+ 24. రా×సి2 మ-సి7+

ఇందులో ఆగి చూడాల్సిన మొదటి ఎత్తు ఐదోది: ఎ3. పక్కన ఉన్న ఒక చిన్న బంటు ఒక్క గడి కదిలింది. కొత్తగా నేర్చుకునే పిల్లాడు ఇలా ఆడితే ఉస్తాద్ మందలిస్తారు, పావులు బయటికి తీయాల్సిన సమయంలో అంచు బంటుతో ఏం పని అని. కానీ ఈ ఎత్తు నల్ల శకటును బి4కి రానివ్వదు. సి3లో గుర్రం స్వేచ్ఛగా ఉంటుంది. అది స్వేచ్ఛగా ఉంటే డి5 మీద, ఇ4 మీద తెలుపు పట్టు పెరుగుతుంది. అంటే నలుపు రక్షణ ఏ ఆలోచన మీద నిలబడిందో సరిగ్గా దాని మీదే దెబ్బ.

కాపాబ్లాంకా వెంటనే డి5లో బంటు పెట్టారు. తెలుపు బంటు డి5కి రాకుండా ఆపాలంటే అది సరైన పనే. తెలుపు కొట్టాక ఇ6 బంటుతో తిరిగి కొట్టారు. ఇక్కడే చిక్కు వచ్చింది. ఎంతో దూరం చూడాల్సిన బి7 శకటుకు ఇప్పుడు ఎదురుగా సొంత బంటే గోడలా నిలబడింది. ఈ రోజుల్లో ఇదే స్థితిలో ఎక్కువమంది గుర్రంతో కొడతారు, శకటు దారి తెరిచి ఉంచడానికి.

పన్నెండో ఎత్తు ఇంకొకటి. బి5కి దూకిన గుర్రం, ఎఫ్4లో శకటు, సి2లో మంత్రి మూడూ కలిసి సి7 బంటు మీద గురిపెట్టాయి. నలుపు శకటును అడ్డం పెడితే సుల్తాన్ ఖాన్ గుర్రాన్ని ఇచ్చి ఆ శకటును తీసుకున్నారు. ఫలితంగా నలుపు బంట్లు డి వరసలో ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్నాయి. తెలుపుకు రెండు శకటులూ మిగిలాయి. నలుపుకు మిగిలింది గోడ వెనక ఉన్న ఆ ఒక్క శకటే.

అయినా కాపాబ్లాంకా తనకు తెరుచుకున్న సి వరసలో రెండు ఏనుగులూ పెట్టి దాడికి సిద్ధమయ్యారు. తెలుపు రాజు క్యాస్లింగ్ చేయకుండా మధ్యలోనే ఉంది. బయటి నుంచి చూసేవారికి సుల్తాన్ ఖాన్ ప్రమాదంలో ఉన్నట్టే కనిపిస్తుంది. ఆయన మాత్రం హెచ్4, జి4, జి5 అంటూ అవతలి వైపు బంట్లు తోసుకుంటూ పోయారు, నల్ల గుర్రాన్ని ఇ8కి తరిమారు. ఆ తర్వాత ఇ2 శకటు జి4కి వచ్చి సి8 ఏనుగును తాకింది. ఏనుగు ఊరికే వెనక్కి తగ్గితే వరస పోతుంది. కాపాబ్లాంకా రెండు ఏనుగులను ఇచ్చి మంత్రిని తీసుకునే దారి ఎంచుకున్నారు.

లెక్క ప్రకారం రెండు ఏనుగులు, ఒక మంత్రి దాదాపు సమానం. బంట్లు కూడా చెరో ఏడు. మంత్రి ఉన్నవాడు షా మీద షా చెబుతూ అవతలి వాడి బంట్లు కొట్టుకుంటూ పోవచ్చు, అందుకే చాలామందికి మంత్రి వైపే మోజు. ఇక్కడ మాత్రం కొట్టడానికి ఏమీ లేదు. తెలుపు రాజు డి2కి వెళ్లి తన బంట్ల నీడలో కూర్చుంది. నల్ల మంత్రి సి4కి వస్తే శకటు ఇ2కి వచ్చి తరిమింది. బి3కి వెళ్లి బి2 బంటును తాకితే ఏనుగు బి1కి వచ్చి కాచింది. 29వ ఎత్తులో రెండో ఏనుగు సి3కి వచ్చి మళ్లీ తరిమితే మంత్రి ఎ4కి పోయింది. 30వ ఎత్తులో బి4. ఆ బంటు బి5కి కూడా వెళ్తే మంత్రికి తిరుగుదారి మూసుకుపోతుంది. అందుకే మంత్రి డి7కి తిరిగి వచ్చేసింది. బోర్డు మీద అన్నిటికన్నా బలమైన పావు ఏడు ఎత్తుల్లో ఊరంతా తిరిగి, ఏమీ సాధించకుండా ఇంటికి చేరింది.

అక్కడి నుంచి మిగిలిన 35 ఎత్తులూ పిడి బిగించడమే. తొందర లేదు. ఏనుగులను ఒకచోట నుంచి ఇంకోచోటికి మారుస్తూ, నలుపు ఏ మూల బలహీనంగా ఉందో వెతుకుతూ, ఎదుటివారికి ఒక్క మంచి ఎత్తు కూడా మిగలకుండా చేశారు. చివరి ఆటలో ప్రపంచంలోనే సాటిలేని వాడని పేరున్న కాపాబ్లాంకా 65వ ఎత్తు దగ్గర ఓటమి ఒప్పుకున్నారు.

ఆ టోర్నమెంట్‌లో మాక్స్ యూవే 7 పాయింట్లతో మొదటి స్థానం, కాపాబ్లాంకా 6½తో రెండో స్థానం, సుల్తాన్ ఖాన్ 6తో మూడో స్థానం. ఆ ఒక్క ఆట డ్రా అయి ఉంటే కాపాబ్లాంకా యూవేతో సమానంగా నిలిచేవారు.

ఆ చిన్న బంటు తర్వాత ఎక్కడికి పోయింది

క్వీన్స్ ఇండియన్‌లో ఎ3 ఆడే పద్ధతికి ఇప్పుడు పెట్రోసియన్ పేరు ఉంది. 1963 నుంచి 1969 దాకా ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న టిగ్రాన్ పెట్రోసియన్, ఎదుటివాడి ఆలోచనను పుట్టకముందే ఆపడంలో దిట్ట. ఆ ఎత్తు ఆయన స్వభావానికి సరిపోయింది. 1980ల మొదట్లో యువ గారీ కాస్పరోవ్ దాన్ని పదునైన దాడి ఆయుధంగా మార్చారు. 1983లో నిక్షిచ్‌లో హంగరీ గ్రాండ్‌మాస్టర్ లాయోష్ పోర్టిష్ మీద ఆయన గెలిచిన ఆట ప్రసిద్ధం. అందులో ఆరో ఎత్తులో సి×డి5 దాకా వచ్చిన స్థితి, హేస్టింగ్స్‌లో సుల్తాన్ ఖాన్ చేరిన స్థితి ఒకటే. పోర్టిష్ అక్కడ గుర్రంతో కొట్టారు, కాపాబ్లాంకా బంటుతో కొట్టారు, అంతే తేడా. ఇప్పుడు ఈ శాఖను కాస్పరోవ్–పెట్రోసియన్ వేరియేషన్ అంటారు.

సుల్తాన్ ఖాన్ ఎ3ని ఎక్కడో చదివి ఆడి ఉండకపోవచ్చు. దేశీ ఆటలో ఒక్కో బంటును ఒక్కో గడి జరుపుతూ పెరిగిన చేతికి అది సహజంగా వచ్చిందేమో. ఏదైనా ఆ తర్వాతి ఎత్తులు చూస్తే, గుర్రం బి5కి దూకడం, శకటుల జంటను సంపాదించడం, నల్ల శకటు దారి మూసి ఉంచడం, ఇవన్నీ ఒక దారం పట్టుకుని వచ్చినవే. ఓపెనింగ్ పేర్లు తెలియకపోవడం వేరు, ఓపెనింగ్ అర్థం కాకపోవడం వేరు. ఆయన కొన్ని ఆటల్లో ఓపెనింగ్‌లో ఇబ్బంది పడ్డ మాట నిజమే. కానీ అత్యంత పేరున్న ఈ గెలుపులో పునాది పడింది ఓపెనింగ్‌లోనే.

నౌకరా, కాదా

సుల్తాన్ ఖాన్ మీద ఇంకో ముద్ర కూడా ఉంది. సర్ ఉమర్ ఇంట్లో ఆయన నౌకరు అని, చదువు రాదు అని. అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ రూబెన్ ఫైన్ తన జ్ఞాపకాల్లో, 1933లో సర్ ఉమర్ లండన్ ఇంటికి అమెరికన్ జట్టు విందుకు వెళ్తే సుల్తాన్ ఖానే వడ్డించారని రాశారు. ఆ కథ అక్కడి నుంచి పాకింది. 2020లో ఇంగ్లిష్ గ్రాండ్‌మాస్టర్ డేనియల్ కింగ్ రాసిన పుస్తకం పేరులో కూడా ‘సర్వెంట్’ అనే మాట ఉంది. సుల్తాన్ ఖాన్ కుటుంబం దీనికి గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఆయన భూములున్న కుటుంబం వారనీ, నిరక్షరాస్యుడు కాదనీ, ఇంగ్లిష్ ధారాళంగా రాకపోవడాన్ని చదువు రాకపోవడంగా రాసేశారనీ వారి వాదన. అతిథికి స్వయంగా వడ్డించడం మన ఇళ్లలో గౌరవం. బల్ల దగ్గర వడ్డించేవాడు నౌకరే అనుకునే సమాజం నుంచి వచ్చినవారికి అది వేరేలా కనిపించి ఉండవచ్చు.

ఆ ఇంటి నుంచే వచ్చిన ఇంకొకరి పేరు ఇంకా తక్కువమందికి తెలుసు. మిస్ ఫాతిమా. 1933లో బ్రిటిష్ మహిళల ఛాంపియన్‌షిప్‌లో 11 ఆటల్లో పది గెలిచి, ఒకటి డ్రా చేసి, మూడు పాయింట్ల తేడాతో టైటిల్ గెలుచుకున్నారు. ఆ ఏడాది బ్రిటన్ పురుషుల, మహిళల టైటిళ్లు రెండూ ఒకే ఇంటికి వచ్చాయి.

సుల్తాన్ ఖాన్ ఇంగ్లండ్ జట్టుకు మొదటి బోర్డు మీద మూడు ఒలింపియాడ్‌లు ఆడారు: 1930 హాంబర్గ్, 1931 ప్రాగ్, 1933 ఫోక్‌స్టోన్. ప్రాగ్‌లో అకిబా రూబిన్‌స్టీన్‌ను, సాలో ఫ్లోర్‌ను ఓడించారు, అప్పటి ప్రపంచ ఛాంపియన్ అలెఖైన్‌తో డ్రా చేశారు. 1931లో టార్టకోవర్ మీద మ్యాచ్ గెలిచారు. ఇంగ్లండ్ చలి మాత్రం ఆయనకు పడలేదు. మలేరియా, జలుబు, గొంతునొప్పి వదిలేవి కావు, మెడకు గుడ్డ చుట్టుకుని ఆటకు వచ్చిన రోజులున్నాయి. 1933 చివర సర్ ఉమర్‌తో పాటు స్వదేశం వచ్చేశారు. 1935లో వి.కె. ఖాడిల్కర్‌తో పది ఆటల మ్యాచ్‌లో 9½–½తో గెలిచారు. ఆ తర్వాత పెద్ద పోటీల్లో ఆయన మళ్లీ కనిపించలేదు. యూరప్ చెస్‌లో ఆయన గడిపింది ఐదేళ్లు కూడా కాదు. తన పిల్లలకు చెస్ నేర్పలేదు, జీవితంలో ఇంతకన్నా పనికొచ్చేది ఏదైనా చేయమని చెప్పేవారని కొడుకు గుర్తు చేసుకున్నారు.

1950లో అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే మొదటిసారి అధికారికంగా గ్రాండ్‌మాస్టర్ టైటిళ్లు ఇచ్చింది. మొత్తం 27 మందికి. ఎప్పుడో ఆట మానేసిన రూబిన్‌స్టీన్‌కు కూడా ఆ జాబితాలో చోటు దక్కింది. ఆ రూబిన్‌స్టీన్‌ను ప్రాగ్‌లో ఓడించిన సుల్తాన్ ఖాన్ పేరు అందులో లేదు. అప్పటికి ఆయన బతికే ఉన్నారు, సర్గోధా ప్రాంతంలో వ్యవసాయం చేసుకుంటున్నారు. 1966 ఏప్రిల్ 25న క్షయ వ్యాధితో కన్నుమూశారు.

2024 ఫిబ్రవరిలో ఫిడే అధ్యక్షుడు అర్కాడీ ద్వోర్కోవిచ్ ఇస్లామాబాద్ వచ్చి, మీర్ సుల్తాన్ ఖాన్‌కు గౌరవ గ్రాండ్‌మాస్టర్ టైటిల్ ప్రకటించారు. ఆ పత్రాన్ని పాకిస్తాన్ ఆపద్ధర్మ ప్రధాని అన్వారుల్ హఖ్ కాకర్ అందుకున్నారు.